రేగడిలో లేచిన హద్దురాయి

ముప్పై మూడేళ్ళ సర్వీసులో నాకు ఒక్క మెమో కూడా రాలేదు. రిటైర్మెంట్ సభలో హెడ్మాస్టరుగారు ఆ సంగతి మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అప్పుడు ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి గుర్తొచ్చి తల దించుకున్నాను. నిజానికి నాకు రావలసిన మెమో ఒకటుంది. ఇచ్చే అధికారం ఏ ఆఫీసుకీ లేదు గనక రాలేదు. కొత్తగా బడుల్లో చేరుతున్న మీకు అదే చెప్పాలని కూర్చున్నాను.

మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. పుట్టింది, పెరిగింది వరి మడుల్లో. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాను. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం దొరక్క బి.ఎడ్. చేసి సోషల్ టీచరునయ్యాను. మిగతా సోషల్ సార్లు రాజుల గురించి ఎంత గర్వంగా చెబుతారో, నేను రాళ్ళ గురించి అంత గర్వంగా చెప్పేవాణ్ణి. చివరి పోస్టింగు గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట, మిరప, పత్తి తప్ప ఇంకేమీ కనబడని ఒక ఊళ్ళో వచ్చింది. చుట్టూ నల్లరేగడి. వానొస్తే చెప్పు ఊడిపోయేంత జిగురు, ఎండొస్తే కాలు ఇరుక్కునేంత పగుళ్ళు. ఆ నేల మీద ఆరేళ్ళు నడిచాను. నడవడం తప్ప దాన్నెప్పుడూ చూడలేదని తర్వాత తెలిసింది.

నాకొక అలవాటుండేది. ఖాళీ చాక్‌పీసుల డబ్బాకి మూత మీద కన్నం పెట్టి క్లాసులో ఉంచేవాణ్ణి. పిల్లలు భూమి గురించి ఏ అనుమానమున్నా చీటీ రాసి అందులో వేయాలి, పేరు రాయక్కర్లేదు. శుక్రవారం చివరి పీరియడులో చీటీలు తీసి జవాబులు చెప్పేవాణ్ణి. భూమి అంత జోరుగా తిరుగుతుంటే మనకు కళ్ళెందుకు తిరగవు? బావి తవ్వుకుంటూ పోతే అవతల ఏ ఊళ్ళో తేలతాం? వాన నీళ్ళు సముద్రంలోంచే వస్తే వాన ఉప్పగా ఎందుకుండదు? కొండలు ఎదుగుతాయంటారు, మా అమ్మమ్మ చిన్నప్పట్నించీ పొదిలి కొండ అంతే ఉందంట, ఎందుకని? వాడరేవులో అల వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసక జారుద్ది గదా, అదంతా ఎక్కడికి పోద్ది?

ఒక్కోదానికి ఒక్కో జవాబు. కుదుపు లేకుండా పోయే బస్సులో కళ్ళు మూసుకుని కూర్చుంటే బస్సు కదులుతున్నట్టే తెలియదు, భూమి కూడా అంతేనని చెప్పేవాణ్ణి. నీళ్ళు ఆవిరవుతాయి గాని ఉప్పు ఆవిరి కాదని చెప్పి, టీ గిన్నె మీద మూత పెట్టి చూపించేవాణ్ణి. తెలియనివి కూడా వచ్చేవి. తెలియదని చెప్పడం మాత్రం నాకు చేతయ్యేది కాదు. ఏదో ఒకటి గట్టిగా, నిబ్బరంగా చెప్పేసేవాణ్ణి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటుంటే ఆ సంబరం వేరు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం డబ్బాలోంచి ఒక చీటీ తీశాను. గుండ్రటి అక్షరాలు. 'సార్, భూమిలో పాతిపెట్టింది దానంతటది పైకి వస్తుందా?'

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దెయ్యాల కథేదో అనుకున్నాను నేను. పైగా ఆ వారమే బోర్డు మీద భూమి పొరల బొమ్మ వేసి ఉంది. డిగ్రీ మొదటి ఏడాది నేర్చుకున్న సూత్రం నాలిక చివరే ఉంది. పాతది కింద, కొత్తది పైన. భూమి పొరలు పేర్చి పెట్టిన పుస్తకాల దొంతర లాంటివని, కింది పుస్తకం దానంతటది ఎక్కి పైన కూర్చోదని చెప్పాను. అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు.

"పాతిపెట్టింది పైకొచ్చిందంటే ఒకటే అర్థం. ఎవరో తవ్వి తీశారు. రాయికి కాళ్ళుండవు" అన్నాను. క్లాసంతా నవ్వింది. గంట కొట్టారు.

వారం తర్వాత మూడో బెంచీలో ఒక అమ్మాయి రావడం మానేసింది. మిరప కోతల రోజుల్లో పిల్లలు అలా వారం పది రోజులు మానడం మామూలే గనక పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది మా లెక్కల మేడం. ఆవిడది ఆ చుట్టుపక్కల ఊరే, రేగడిలో సేద్యం చేసిన కుటుంబం. ఒకరోజు స్టాఫ్‌రూములో నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సార్, ఊళ్ళో మీరొక తీర్పు ఇచ్చారంట."

"నేనేం తీర్పిచ్చానండీ?"

ఆవిడ చెప్పింది ఇదీ. ఆ అమ్మాయి తండ్రికి ఒక ఎకరం సొంత నేల ఉంది. దాని పక్కనే ఊళ్ళో పెద్ద రైతు చేలు. ఆ పెద్ద రైతు దగ్గరే రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడాయన. మూడేళ్ళ కిందట భూములు కొత్తగా కొలిచినప్పుడు ఇద్దరి మధ్యా ఒక హద్దురాయి పాతారు. ఈ ఏడు అది వదులై, పైకి తేలి, చివరికి పక్కకి పడిపోయింది. ఆ అమ్మాయి తండ్రి చూసి, ఎడ్లబండికో ట్రాక్టరుకో అడ్డం పడుతుందని గునపం తెచ్చి రాయిని మళ్ళీ నిలబెట్టాడు. ఆ ఊళ్ళో పడిన హద్దురాయిని ఒక్కడే ముట్టుకోకూడదు, అటూ ఇటూ ఇద్దరూ ఉండి నిలబెట్టాలి. ఆయనకీ తెలుసు. పొద్దుగూకేలోపు నిలబెట్టి తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. ఈలోపు గునపంతో ఆయన్ని చూసినవాళ్ళు పెద్ద రైతుకి చెప్పారు. హద్దు జరిపాడని గొడవ. నేను పీకలేదు, దానంతటదే లేచి పడిపోయిందని ఆయన మొత్తుకున్నాడు.

"మీ క్లాసులో ఆ పెద్ద రైతు కొడుకున్నాడుగా, వాడెళ్ళి ఇంట్లో చెప్పాడు. పాతింది పైకి రాదు, ఎవరో తవ్వితేనే వస్తుందని సోషల్ సార్ చెప్పాడని. భూమి గురించి చదువుకున్నాయన చెప్పాక ఇంకేముంది. ఉగాదికి కౌలు తీసేస్తానన్నాడు. ఆ పిల్లని వాళ్ళమ్మ మిరపకాయల తొడాలు తీసే పనికి తీసుకుపోతంది. కౌలు పోతే ఇంక బడికి రాదు."

నాకు కోపం వచ్చింది. తప్పు మన మీదికి వచ్చినప్పుడు ముందు వచ్చేది అదే. "సైన్సు చెప్పానండీ. రాయి లేస్తుందా ఎక్కడన్నా?" అన్నాను.

"మీరు వరి మడి మనిషి సార్. మా నేల మీకు తెలియదు" అంది ఆవిడ, చాలా మామూలుగా.

ఆ సాయంత్రం నన్ను బడి వెనక పత్తి చేలోకి తీసుకెళ్ళింది. పత్తి తీసేసిన మోళ్ళు నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక ఎండు పత్తి కట్టె పీకి పగులులో పెట్టి వదిలింది. నా నడుమెత్తు ఉన్న కట్టె చప్పుడు లేకుండా లోపలికి దిగి కనబడకుండా పోయింది. చుట్టూ పొడిమట్టి, పత్తి కాయల డొల్లలు, ఎండుటాకులు సన్నగా ఆ పగుళ్ళలోకి జారుతూనే ఉన్నాయి. ఆరేళ్ళుగా ఈ పగుళ్ళ మీంచి దాటుకుంటూ బడికొస్తున్నాను. ఇవి ఎంత లోతున్నాయో అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇంటికొచ్చి అటక మీంచి డిగ్రీ పుస్తకాలు దింపాను. దొరికింది. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకునే బంకమట్టి గురించి ఒకటిన్నర పేజీ. ఎండాకాలం పగుళ్ళలోకి పైమట్టి జారుతుంది. వానలు పడ్డాక నేల ఉబ్బుతుంది, కాని పగులులో ఇప్పుడు అదనపు మట్టి ఉంది. చోటు చాలదు. అందుకని పక్కలకి, పైకి తోసుకుంటుంది. ఏటేటా ఇదే. పైది కిందికి, కిందిది పైకి. రాళ్ళు, గుంజలు పైకి లేస్తాయి. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత ఉంది. గీసింది నేనే. ఆ ప్రశ్నకి మార్కులు కూడా వచ్చే ఉంటాయి. పరీక్షకని చదివి, పాసై, మర్చిపోయి, ఆ నేల మీదే నిలబడి దానికి విరుద్ధంగా పిల్లలకి పాఠం చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు హెడ్మాస్టరుగారికి చెబితే, "మనకెందుకండీ ఊరి గొడవలు, మీకు రెండేళ్ళలో రిటైర్మెంటు" అన్నారు. మంచి మనిషే. నేనైనా అదే అనేవాణ్ణేమో. కాని గొడవలో ఉన్నది నా మాట. తిన్నగా పెద్ద రైతు ఇంటికి వెళ్ళాను. కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి, ఆ ఘాటుకి తుమ్ముతూనే చెప్పాను, నేను క్లాసులో చెప్పింది తప్పని.

ఆయన మంచినీళ్ళు ఇప్పించి నిదానంగా అడిగాడు. "సారూ, ఆ రోజు చెప్పింది అబద్ధమా, ఈ రోజు చెప్పేది అబద్ధమా? రెండూ మీ నోటి నించే గదా వచ్చింది."

 "నేల తవ్వి చూపిస్తానండీ" అన్నాను.

"మా తాతలు పాతిన రాళ్ళు ఎన్నడన్నా లేచినయ్యా? ఈ రాళ్ళే లేచినయ్యా?"

ఆయన అడిగిందాంట్లో న్యాయముంది.  పైగా ఆయన మొండివాడు కాదు. "సరే, చూపించండి. నా చేలో తవ్వండి. తవ్వేది మాత్రం నా మనుషులే" అన్నాడు.

అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. లెక్కల మేడం, నేను, తొమ్మిదో తరగతి పిల్లలు, ఎండ దిగాక స్కేళ్ళు పట్టుకుని బయల్దేరాం. కొత్తగా పాతిన రాళ్ళన్నీ ఒకే పొడుగువి. పాతినప్పుడు అన్నీ జానెడు మాత్రమే పైకి ఉంచారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఊరి పడమటి పక్క గులకరాళ్ళు కలిసిన ఎర్ర గరప నేల ఉంది. అక్కడి రాళ్ళు జానెడే ఉన్నాయి, నిటారుగా ఉన్నాయి. రేగడిలోకి వచ్చాం. ఒకటి మూరెడు లేచింది. ఒకటి పక్కకి ఒరిగింది. ఒకటి చేత్తో కదిపితే ఊగింది. మేడం ప్రతి రాయి పక్కనా ఒక పిల్లాణ్ణో పిల్లనో నిలబెట్టి, కొలత గట్టిగా అరిచి చెప్పించి నోటుబుక్కులో రాసింది. పద్నాలుగు రాళ్ళు కొలిచాం. రేగడిలో ఉన్నవాటిలో ఒక్కటీ జానెడు దగ్గర లేదు. అందులో రెండు పెద్ద రైతుకీ ఆయన సొంత తమ్ముడికీ మధ్య ఉన్న రాళ్ళు. అన్నదమ్ముల మధ్య పేచీ లేదు, వాటిని పీకే అవసరం ఎవరికీ లేదు. ఆయన కొడుకే వాటిని కొలిచి, అంకె చెప్పి, స్కేలు పెట్టి మళ్ళీ కొలిచాడు.

గొయ్యి తవ్వింది ఉగాదికి నాలుగు రోజుల ముందు. ఊరి పెద్దలు అరడజను మంది వచ్చారు. ఆ అమ్మాయి వాళ్ళ చర్చి పెద్ద కూడా వచ్చాడు. ఆ అమ్మాయి తండ్రి అందరికీ దూరంగా గట్టు మీద నిలబడ్డాడు. పెద్ద రైతు తన చేలో, హద్దురాయికి పది అడుగుల దూరంలో చోటు చూపించాడు.

"ఈడ మా నాన్న నాడు గూడా గడ్డపార పడలా. నాగలి పోయినంత లోతే" అన్నాడు.

ఇద్దరు కూలీలు తవ్వారు. జానెడు, మూరెడు, నడుంలోతు. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతోంది. ఛాతీ లోతుకి వచ్చేసరికి తవ్వుతున్న ఒకతను ఆగాడు. "ఇదేందయ్యా ఇంత నున్నగుంది?" అని అరచేత్తో గోడని తడిమాడు.

నేను గోతిలోకి దిగాను. ఇప్పటికీ ఆ గోడ నా కళ్ళ ముందే ఉంది. మట్టి పొరలు అడ్డంగా లేవు. ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి ఒరుసుకుని, నూనె రాసి తుడిచినట్టు నిగనిగలాడుతున్న నల్లటి పలకలు. వాటి మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపు, కింది నుంచి పైకి. భారీ బరువు ఒకటి ఈ చీకట్లో మెల్లగా, ఏళ్ళ తరబడి పైకి జరిగిన గుర్తులు అవి. హిమాలయాలు ఇంకా పెరుగుతున్నాయని, ఖండాలు జరుగుతున్నాయని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. పుస్తకంలో ఉందిగనక నమ్మాను. ఇక్కడ మిరప మొక్కల వేళ్ళ కింద, జనం నడిచే దారి కింద, నేలంతా కదులుతోంది. నేను బడికి వెళ్ళి వచ్చిన ప్రతి రోజూ కదులుతూనే ఉంది.  చెయ్యి ఆ గోడ మీంచి తీయాలనిపించలేదు. పైనున్న పిల్లల్ని ఇద్దరిద్దరిగా దింపాను. ఒక్కడూ అల్లరి చేయలేదు. తాకి, చూసి, పక్కవాళ్ళకి చోటిచ్చారు.

"సార్, ఇదిగో" అన్నాడు పెద్ద రైతు కొడుకు.

ఛాతీ లోతులో, గోడలో, మూసుకుపోయిన పాత పగులు నల్లటి చారలా కనబడుతోంది. అందులో మిరప తొడాలు, బూడిద, మడతలు పడిన ప్లాస్టిక్ కాగితం ముక్క. వాడు లాగకుండా వేలితో చూపించాడు. తండ్రి దిగి వచ్చాడు. ముక్కని మెల్లగా బయటికి తీసి, పంచె చెంగుతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూశాడు. మిరప విత్తనాల ప్యాకెట్టు.

"ముందటేడు నేనేసిన విత్తనం" అన్నాడు. "ఈ సాళ్ళలోనే చించి పడేసుంటా."

పైన నిలబడ్డ ఒక ముసలాయన మెల్లగా అన్నాడు. "మా నాన్నోళ్ళు రాయి పాతాలంటే నడుంలోతు తీసి, అడుగున గరప పోసి గట్టిపడేదాకా దిమ్మిసా కొట్టేవోళ్ళు. ఎందుకో నేనెప్పుడూ అడగలా. ఈ కొలతలోళ్ళు మోకాల్లోతు తీసి పాతిపోయారు."

పెద్ద రైతు ఎవరికీ క్షమాపణ చెప్పలేదు, అది ఆయన పద్ధతి కాదు. గట్టు మీద నిలబడ్డ మనిషి వంక చూసి, "ఏరా, ఆడ నిలబడ్డావేంది. రా, ఇద్దరం కలిసి లోతుగా పాతుదాం. కౌలు సంగతి ఉగాది నాడు ఇంటికొస్తే మాట్లాడదాం" అన్నాడు. నేను ఆ గోతిలోంచే, అందరికీ వినబడేలా, నేను పిల్లలకి తప్పు చెప్పానని, దాని వల్ల ఒక మనిషి మాట పడ్డాడని చెప్పాను.  అంతమంది ముందు అంత నిజం అంతకుముందెప్పుడూ చెప్పలేదు.

అప్పుడే రోడ్డు మీద పనివాళ్ళ ఆటో ఆగింది. ఆ అమ్మాయి, వాళ్ళమ్మ దిగి చేలోకి వచ్చారు. మిరప మంటకి చేతులు ఎర్రగా ఉన్నాయి. లెక్కల మేడం ఆ అమ్మాయిని గొయ్యి దగ్గరికి తీసుకొచ్చి అన్నీ చూపించింది. ఆ అమ్మాయి వంగి ఒకసారి చూసింది. తర్వాత ఎంతసేపు ఉన్నా చూపు గోతి మీద లేదు, గునపం పట్టుకుని నిలబడ్డ తండ్రి మీదే ఉంది.

సోమవారం బడికి వచ్చింది. చీటీ రాసింది తనేనని అప్పుడే చెప్పింది. నేను క్లాసులో లేచి నిలబడి క్షమించమన్నాను.  గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"రాయి దానంతటదే పడిపోయిందని మా నాన్న చెప్పాడు సార్. నేను నమ్మలా. మీరు చెప్పారుగదా ఎవరో తీస్తేనే వస్తుందని. మా నాన్నే తీసి అబద్ధమాడుతున్నాడనుకున్నా." బల్ల అంచు పట్టుకుంది. "ఇరవై రోజులు మా నాన్నకి అన్నం పెట్టలా సార్. మాట్లాడలా. రోజూ నేనే పెట్టేదాన్ని."

 

సాయంత్రం వాళ్ళ చేలోకి వెళ్ళాను. వాళ్ళ నాన్న కాపు అయిపోయిన మిరప మోళ్ళు పీకుతున్నాడు. నన్ను చూసి తలపాగా తీసి దులిపి, గట్టు మీద పరిచి కూర్చోమన్నాడు. కూర్చోలేదు నేను. ఊళ్ళోవాళ్ళ ముందు చెప్పిన క్షమాపణ వేరు, ఇది వేరు.

"మీ అమ్మాయి నాకు చెప్పిందయ్యా. మీ మీద మీ బిడ్డకే నమ్మకం పోయేలా చేశాను. మీరు ఆ ఇరవై రోజులూ తనకి ఏమీ చెప్పుకోలేదా?" అని అడిగాను.

"ఒకపాలి చెప్పానండీ. సార్ అట్టా చెప్పలేదు నాన్నా అంది. ఇంక ఊరుకున్నా." ఆయన ఒక మోడు పీకి, వేళ్ళకంటిన మట్టిని మడమకేసి కొట్టి రాల్చి పక్కన పడేశాడు. "నేను ఏలిముద్ర ఏసే మనిషిని సారూ. అది మీ మాట కాదని నా మాట నమ్మితే, ఇంక దాన్ని బడికి పంపి ఏం లాభమండీ?"